రాబందు లేని ఊరు

పాడి రుణం మీద కొన్న గేదె చనిపోతే మన శాఖకు వచ్చే కాగితాలు ఏమిటో వ్యవసాయ రుణాలు చూసేవారందరికీ తెలుసు. పశువైద్యుడు ఇచ్చే పోస్టుమార్టం సర్టిఫికెట్, బీమా క్లెయిము ఫారం, చనిపోయిన పశువు ఫోటో, చెవికి వేసిన ట్యాగు. ట్యాగు లేకపోతే క్లెయిము లేదు. ఇన్నేళ్లుగా ఆ కాగితాలు చూస్తున్నా ఒక ప్రశ్న మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. ఆ కళేబరం తర్వాత ఏమైంది?

ప్రాణహిత నదికి అంత దూరం కాని ఒక పల్లెలో కిందటేడు ఇలాగే ఒక గేదె పోయింది. ట్యాగు తీసుకోవడానికి వెళ్లాను. రైతు డెబ్బై దాటిన పెద్దాయన. ఊరి అవతల పడేసిన గేదె చుట్టూ ఏడెనిమిది కుక్కలు. దగ్గరికి వెళ్లబోతే అవి గుర్రుమన్నాయి. పెద్దాయన కర్ర ఆడించి వాటిని తరిమాడు. "ఇదివరకు పొద్దుగాల ఏస్తే మాపటికి బొక్కలే మిగులుతుండె సారూ. రాబందులు దిగుతుండె. ఇప్పుడు అవి ఎటు పోయినయో ఏమో, అన్నీ కుక్కలే" అన్నాడు.

అవి ఎటు పోయాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలకు దాదాపు పదేళ్లు పట్టింది. మన ఉపఖండంలో జరిగిన పర్యావరణ పరిశోధనల్లో ఇంత ఉత్కంఠ ఉన్నవి తక్కువ. పిల్లలకు చెప్పినా ఆసక్తిగా వింటారు. కాకపోతే ఇందులో విలన్ ఎవరో ముందే చెబితే పెద్దలే నమ్మరు. అది మనలో చాలామంది ఇంట్లో, మందుల డబ్బాలో ఉంటుంది.

మనం తిట్టుకునే పక్షి

నూటికి పది రూపాయల వడ్డీ గుంజేవాడిని రాబందు అంటాం. మన బ్యాంకులు పుట్టడానికి అలాంటివాళ్లే ఒక కారణం కనుక ఆ తిట్టు మనకు బాగా అలవాటు. కానీ పోలిక తప్పు. వడ్డీ వ్యాపారి బతికున్నవాడిని పీక్కుతింటాడు. మన పల్లెల మీద తిరిగిన రాబందులు చచ్చినదాన్నే తినేవి. రామాయణంలో జటాయువు సీతమ్మ కోసం ప్రాణాలు వదిలాడు. ఆయన పడిన చోటే లేపాక్షి అని రాయలసీమలో తరతరాలుగా చెప్పుకుంటారు. అదే జాతిని మనం తిట్టుగా వాడుకుంటున్నాం.

మెడ బోసిగా ఉండటం చూసి అసహ్యించుకుంటాం గానీ, కళేబరం లోపలికి తల దూర్చి తినే పక్షికి మెడ నిండా ఈకలుంటే రక్తం అంటుకుని కుళ్లిపోతాయి. దాని కడుపులోని ఆమ్లం మనిషి కడుపులోని ఆమ్లం కంటే చాలా ఘాటైనది. కుళ్లిన మాంసంలోని సూక్ష్మజీవుల్లో చాలావాటిని అది చంపేస్తుంది. వాసన పట్టి కాదు, చూపుతోనే తిండి వెతుక్కుంటుంది. వేడెక్కి పైకి లేచే గాలి మీద రెక్కలు చాపి, పెద్దగా ఆడించకుండానే గంటల తరబడి తిరుగుతుంది. ఒకటి కిందికి దిగితే దూరాన ఎగురుతున్నవి దాన్ని చూసి దిగుతాయి. పెద్ద గుంపు దిగిందంటే ఒక ఆవు కళేబరం గంటలోపే ఎముకల గూడు అవుతుంది.

వీటి సంసారం మాత్రం చాలా నెమ్మది. గుడ్డు పెట్టే వయసు రావడానికి ఐదేళ్లు పడుతుంది. ఆ తర్వాత జంటకు ఏడాదికి ఒకే గుడ్డు. అది పిల్ల అవుతుందన్న భరోసా కూడా లేదు. ఎక్కువ కాలం బతికే పక్షి కాబట్టే ఆ లెక్క ఇన్నాళ్లూ సరిపోయింది.

భరత్‌పూర్‌లో ఖాళీ గూళ్లు

1980లలో ఉపఖండం అంతటా రాబందులు కోట్లలో ఉండేవని అంచనా. తెల్లవీపు రాబందు ప్రపంచంలోని పెద్ద వేటపక్షులన్నిటిలోకీ ఎక్కువ సంఖ్యలో ఉండేదని పక్షి శాస్త్రవేత్తలు చెబుతారు. అంత మామూలు పక్షి కనుక దాన్ని లెక్కపెట్టాలన్న ఆలోచన ఎవరికీ పెద్దగా రాలేదు.

లెక్కపెట్టిన కొద్దిమందిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ ఒకరు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ జాతీయ పార్కులో 1980లలో ఆయన రాబందుల గూళ్లు లెక్కించారు. తర్వాత దశాబ్దంలో మళ్లీ చూస్తే గూళ్లు ఖాళీ అవుతున్నాయి, చెట్ల కింద, కొమ్మల మధ్య చచ్చిన పక్షులు కనిపిస్తున్నాయి. బతికున్నవి కొన్ని మెడలు వాల్చి కూర్చున్నాయి. తిండికి కరువేమీ లేదు, పశువులు చస్తూనే ఉన్నాయి. 1999లో ఆయన ఈ పతనం గురించి ప్రచురించారు. పాత లెక్క రాసిపెట్టి ఉండబట్టే కొత్త లెక్కకు అర్థం వచ్చింది. ఓపెనింగ్ బ్యాలెన్సు లేని ఖాతాలో ఎంత పోయిందో ఎవరు చెప్పగలరు?

దేశవ్యాప్తంగా రోడ్ల వెంట సర్వేలు జరిగాయి. 1992 నుంచి 2007 వరకు చూస్తే తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయని తేలింది. అంటే వెయ్యిలో ఒకటి మిగిలింది. పొడుగు ముక్కు, సన్నముక్కు రాబందులు రెండూ కలిపి దాదాపు 97 శాతం పోయాయి.

కారణం వైరస్ అని మొదట్లో చాలామంది అనుకున్నారు. అనుమానం అర్థం లేనిది కాదు. ఒకే కాలంలో, వేల కిలోమీటర్ల మేర, అన్ని వయసుల పక్షులూ చస్తుంటే అంటువ్యాధే మనసుకు వస్తుంది. ఏళ్లు ఆ వెతుకులాటలోనే పోయాయి.

ముడి విప్పిన ప్రశ్న

ముడి విడింది పాకిస్తాన్‌లోని పంజాబులో. లిండ్సే ఓక్స్ అనే అమెరికన్ పశువైద్య శాస్త్రవేత్త, ఆయన బృందం అక్కడ చచ్చిన రాబందులను కోసి చూశారు. పరీక్షించిన 259 పెద్ద పక్షుల్లో 85 శాతం పక్షుల గుండె, కాలేయం, మూత్రపిండాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర ఉంది. అది యూరిక్ యాసిడ్. పక్షులు మనలా మూత్రం పోయవు, యూరిక్ యాసిడ్‌ను తెల్లటి ముద్దగా విసర్జిస్తాయి. మూత్రపిండాలు ఆగిపోతే అది బయటికి పోయే దారి లేక లోపలి అవయవాల మీదే పేరుకుంటుంది. మనకు కాలి బొటనవేలి కీలులో వచ్చే గౌట్ జబ్బు లాంటిదే, కాకపోతే ఇది ఒళ్లంతా.

కిడ్నీలు ఎందుకు ఆగాయి? వైరస్, బాక్టీరియా, సీసం వంటి లోహాలు, పురుగుమందులు, అన్నిటికీ పరీక్షలు చేశారు. ఏదీ దొరకలేదు. అప్పుడు ఓక్స్ బృందం ప్రశ్ననే మార్చింది. ఈ పక్షులు తినేది దాదాపు అంతా పశువుల మాంసమే. అయితే ఆ పశువుల ఒంట్లోకి కొత్తగా ఏం పోతోంది? వాళ్లు పశువైద్యుల దగ్గరికి, మందుల షాపుల దగ్గరికి వెళ్లి అడిగారు. ఈ మధ్య కొత్తగా అమ్ముడవుతున్నది, తిండి ద్వారా ఒంటికి పట్టేది, కిడ్నీలను దెబ్బతీయగలదని పేరున్నది ఏ మందు? ఆ మూడింటికీ సరిపోయిన పేరు ఒక్కటే వచ్చింది. డైక్లోఫెనాక్.

మోకాళ్ల నొప్పికి, నడుం నొప్పికి డాక్టర్లు రాసే మందే అది. పశువుల్లో కుంటుకు, పొదుగువాపుకు, ఈత కష్టమైనప్పుడు నొప్పికి దాన్ని వాడటం 1990లలో పెరిగింది. పేటెంటు గడువు తీరి ఎవరైనా తయారు చేసుకునే మందు కావడంతో ధర బాగా పడిపోయింది. సూది వేసిన పూటే గేదె లేచి నిలబడేది. రైతు సంతోషించేవాడు. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు, ఉన్నదల్లా పశువు మీద జాలే.

కిడ్నీలు పాడై చచ్చిన 25 రాబందులను పరీక్షిస్తే 25లోనూ డైక్లోఫెనాక్ ఉంది. వేరే కారణాలతో చచ్చిన 13 పక్షులను పరీక్షిస్తే ఒక్కదానిలోనూ లేదు. అక్కడితో ఆగలేదు. మందు వేసిన పశువుల మాంసాన్ని, మళ్లీ ఎగరలేని స్థితిలో ఉన్న రాబందులకు పెట్టి చూశారు. అవీ అదే జబ్బుతో చచ్చాయి. ఈ ఫలితాలు 2004లో నేచర్ పత్రికలో వచ్చాయి.

చక్రవడ్డీ తిరగబడితే

ఇక్కడ చాలామందికి ఒక అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది. అన్ని పశువులకూ ఈ సూది వేయరు కదా, వేసినవన్నీ చావవు కదా, మరి కోట్ల పక్షులు ఎలా పోయాయి? కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన రైస్ గ్రీన్, ఆయన సహచరులు దీనికి లెక్క కట్టారు. కళేబరాల్లో ఒక శాతం కంటే తక్కువ వాటిలో ప్రాణాంతకమైన మోతాదు ఉన్నా ఇంత నాశనానికి చాలునని తేల్చారు.

మనం బ్యాంకు కుటుంబాల వాళ్లం, కాలిక్యులేటర్ తీసుకుని సరిచూసుకోవచ్చు. ఉదాహరణకు, 200 కళేబరాల్లో ఒక్కటే విషమైందనుకుందాం. రాబందు మూడు రోజులకోసారి తింటే ఏడాదికి సుమారు 120 భోజనాలు. ఒక్క భోజనం నుంచి బతికి బయటపడే అవకాశం 200లో 199, అంటే 0.995. ఎంత బాగుందో చూడండి, ఏ బీమా కంపెనీ అయినా ఒప్పుకుంటుంది. ఇప్పుడు ఆ 0.995ను 120 సార్లు గుణించండి. వచ్చేది దాదాపు 0.55. అంటే నూరు పక్షుల్లో ఏడాది చివరికి 55 మిగులుతాయి. రెండో ఏడాదికి 30. ఐదో ఏడాదికి 5. పదో ఏడాదికి లెక్కలో ఏమీ మిగలదు. చక్రవడ్డీ పెంచినట్టే తరుగుతుంది కూడా. ఏడాదికి ఒక గుడ్డు పెట్టే జంట ఈ లోటును పూడ్చలేదు.

ఇది నేను కాగితం మీద వేసుకున్న లెక్క మాత్రమే. కానీ అసలు సర్వేల్లో వచ్చిన అంకె కూడా దీనికి దూరంగా లేదు. 2000 తర్వాతి ఏడేళ్లలో మన దేశంలో తెల్లవీపు రాబందులు ఏటా 40 శాతానికి పైగా తగ్గుతూ వచ్చాయి. విషం ఉన్న కళేబరాల వాటా అయితే నేను వేసుకున్నదానికన్నా చాలా ఎక్కువే. 2004–05లో దేశంలో పలుచోట్ల సేకరించిన 1,848 కళేబరాల కాలేయం ముక్కలను పరీక్షిస్తే దాదాపు పదింటికి ఒకదానిలో డైక్లోఫెనాక్ కనిపించింది. అన్నిటిలోనూ చంపేటంత మోతాదు లేకపోవచ్చు. ఉన్నచోట మాత్రం ఒక్క కళేబరం మీద దిగిన గుంపు గుంపంతా పోయేది.

లోటు ఎవరి ఖాతాలో పడింది

రాబందులు పోతే కళేబరాలు ఆగవు. వాటిని కుక్కలు, ఎలుకలు పంచుకున్నాయి. కుక్క శుభ్రంగా తినదు. కొంత తిని కొంత ఈడ్చి వదిలేస్తుంది, మిగిలింది కుళ్లి వాగుల్లో, బావుల్లో కలుస్తుంది. తిండి దొరికేసరికి కుక్కల సంఖ్య పెరిగింది, వాటితో పాటు కుక్కకాట్లు, రేబిస్. ముంబైలోని పార్శీలకు ఇంకో కష్టం వచ్చింది. మృతదేహాలను రాబందులకు అప్పగించే వారి శతాబ్దాల ఆచారం, పక్షులే లేక ఆగిపోయే స్థితికి చేరింది. డూంగర్‌వాడిలో ఎండ వేడిని కేంద్రీకరించే అద్దాలు పెట్టుకోవలసి వచ్చింది.

ఎంత నష్టమో తేల్చడానికి ఇద్దరు ఆర్థికవేత్తలు పూనుకున్నారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఎయాల్ ఫ్రాంక్, వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన అనంత్ సుదర్శన్. వారి పద్ధతి సులువుగా అర్థమయ్యేదే. మొదటినుంచీ రాబందులకు అనువైన జిల్లాలు ఒకవైపు, అంతగా అనువు కాని జిల్లాలు ఒకవైపు పెట్టారు. డైక్లోఫెనాక్ చవక కాకముందు, అయిన తర్వాత మనుషుల మరణాల రేటు రెండుచోట్లా ఎలా మారిందో పోల్చారు. ముందు రెండూ ఇంచుమించు ఒకేలా నడిచాయి. తర్వాత రాబందులు పోయిన జిల్లాల్లో మరణాలు 4 శాతానికి పైగా పెరిగాయి. 2000 నుంచి 2005 వరకు అదనంగా పోయిన ప్రాణాలు సుమారు 5 లక్షలని వారి అంచనా. 2024లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ఇది వచ్చింది.

ఆ నష్టానికి వారు డబ్బులో విలువ కూడా కట్టారు, ఏడాదికి 69 బిలియన్ డాలర్లకు పైగా. మన రూపాయల్లో ఐదున్నర లక్షల కోట్లకు పైమాటే. ప్రాణానికి ధర కట్టి చేసే ఇలాంటి లెక్కల మీద నాకు పెద్దగా గురి లేదు. మొదటి అంకె చాలు. నొప్పి సూది మీద రైతుకు మిగిలిన కొద్దిపాటి డబ్బు, ఎక్కడో కుక్క కరిచిన పిల్లవాడి ఖాతాలో ఖర్చుగా పడింది. ఆ రెండు ఖాతాలూ ఎవరూ ఒకచోట కలిపి చూడలేదు.

నిషేధం, దాని సందులు

2006లో మన దేశంలో పశువుల కోసం డైక్లోఫెనాక్ తయారీని నిషేధించారు. నేపాల్, పాకిస్తాన్‌లు కూడా ఆ ఏడే నిషేధించాయి, బంగ్లాదేశ్ 2010లో. అదే పని చేసే మెలోక్సికామ్ రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలింది. అక్కడితో కథ ముగియాలి, ముగియలేదు.

మనుషులకు డైక్లోఫెనాక్ నిషేధం లేదు, ఉండనక్కర్లేదు కూడా. కానీ మనుషుల ఇంజెక్షన్‌ను 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాల్లో అమ్మేవారు. ఒక మనిషికి ఒకసారికి 3 మిల్లీలీటర్లు చాలు. మరి 30 ఎవరికోసం? సమాధానం కొట్టంలో కట్టేసి ఉంది. చివరికి 2015లో మనుషుల డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదుగానే అమ్మాలని కేంద్రం ఆదేశించింది. దానిమీద తయారీదారులు కోర్టుకెళితే 2017లో మద్రాసు హైకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది.

ఇంకో సందు మరీ తెలివైనది. ఎసిక్లోఫెనాక్ అనే మందు ఉంది. పేరు వేరు, లేబులు వేరు. పశువు ఒంట్లోకి వెళ్లాక మాత్రం అది డైక్లోఫెనాక్‌గానే మారిపోతుంది. కీటోప్రోఫెన్ కూడా రాబందులకు విషమేనని తేలింది. ఈ రెండింటినీ పశువులకు వాడకుండా మన దేశం 2023లో నిషేధించింది. మొదటి నిషేధానికీ దీనికీ మధ్య 17 ఏళ్లు. ఏడాదికి ఒక గుడ్డు లెక్కన చూస్తే అది చిన్న ఆలస్యం కాదు.

పక్షులను నిలబెట్టే పని కూడా సాగుతోంది. హర్యానాలోని పింజోర్‌లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ, అక్కడి అటవీశాఖ కలిసి సంతానోత్పత్తి కేంద్రం నడుపుతున్నాయి. మన హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో కూడా ఇలాంటి కేంద్రం పెట్టారు. పిల్లలను జూకు తీసుకెళ్లినప్పుడు పులి దగ్గరే సమయమంతా గడిపేయకుండా రాబందుల గురించి కూడా ఒక మాట చెప్పండి. నేపాల్‌లో నవల్‌పరాసి జిల్లా పిఠౌలీ గ్రామస్థులు చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. ముసలి ఆవులను చేరదీసి, విషపు మందులు వేయకుండా చివరిదాకా పోషించి, అవి తమంతట తాము చనిపోయాక ఆ కళేబరాలను రాబందులకు పెడతారు. ఆ చోటికి వాళ్లు పెట్టుకున్న పేరు జటాయు రెస్టారెంటు.

మన తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు ప్రాణహితలో కలిసే వైపు, పాలరాపు గుట్ట అనే కొండచరియ ఉంది. 2013లో అక్కడ పొడుగు ముక్కు రాబందుల గూళ్లు అటవీశాఖ కంట పడ్డాయి. ఉన్నవి కొద్దే. తిండి కోసం అవి ఒక్కరోజులో పదుల కిలోమీటర్లు పోగలవు. నేను ట్యాగు కోసం వెళ్లిన ఊరు వాటికి పెద్ద దూరం కాదు.

ఆ రోజు ఇదంతా నాకు సగమే తెలుసు. అయినా పెద్దాయనను అడిగాను, గేదె పడిపోయాక ఏ సూది వేయించారని. మూడు రోజులు లేవకపోతే ఎవరో చెప్పిన మందు షాపు నుంచి తెప్పించి వేయించానన్నాడు. కొట్టం చూరులో దోపిన ఖాళీ సీసా తీసి నా చేతిలో పెట్టాడు. లేబులు తడిసి సగం ఊడిపోయింది. పేరులో చివరి అక్షరాలు మాత్రం చదవడానికి వచ్చాయి, ఫెనాక్ అని. ముందున్నది ఏదైనా ఒకటే.

"పూడుద్దాం పెద్దాయనా" అన్నాను. "పూడ్చుడెందుకు సారూ, కుక్కలన్న తింటయి" అన్నాడు. కుక్కల సంగతి కాదని, గుట్ట మీది రాబందుల సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఆకాశం వైపు చూశాడు. "ఇంక ఉన్నయా అవి?" అన్నాడు. ఉన్నాయన్నాను. చెరువు పని చేస్తున్న జేసీబీ వాడిని ఆయనే కేకేసి పిలిచాడు. ఆరడుగుల గొయ్యికి అరగంట పట్టింది. డీజిల్ ఖర్చు చెరి సగం వేసుకున్నాం. చెవి ట్యాగు నా జేబులో పెట్టుకుని శాఖకు తిరిగొచ్చాను.